పాత వాక్యూమ్ క్లీనర్ ప్లాస్టిక్ విరిగితే: జిగురు కొనేముందు

అమెరికాలో అద్దె ఇంట్లో దిగిన కొద్ది రోజులకే మనవాళ్ళలో చాలామందికి ఒక పాత అప్‌రైట్ వాక్యూమ్ క్లీనర్ ఉచితంగా దొరుకుతుంది. ఊరు మారుతున్న సీనియర్లు ఇచ్చి వెళ్తారు, లేదా అపార్ట్‌మెంట్ చెత్త తొట్టి పక్కన ఎవరో వదిలేసినది కనిపిస్తుంది. గది నిండా కార్పెట్ పరిచిన ఇంట్లో చీపురుతో పని జరగదు కనుక సంతోషంగా తెచ్చుకుంటాము. కొన్నాళ్ళకు దుమ్ము డబ్బాను పట్టి ఉంచే కొక్కెమో, హ్యాండిల్ మొదలో, గొట్టం చివరి బిగింపో విరుగుతుంది. దీన్ని అతికించుకోవచ్చా, పారేయాలా అని కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు. మోటారు బాగున్నంతవరకు అతికించుకోవచ్చుననే నా సమాధానం. అయితే దుకాణానికి వెళ్ళి జిగురు వెతకడానికి ముందు, విరిగినది ఏ రకం ప్లాస్టిక్కో తేల్చుకోవాలి.

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. వచ్చిన కొత్తలో దుమ్ము డబ్బా అంచు చిట్లితే, ప్లాస్టిక్‌కు గోళ్ళ రంగు తుడవడానికి వాడే అసిటోన్ ద్రవం మంచిదని ఎవరో అన్న మాట పట్టుకుని ధారాళంగా పూశాను. అద్దంలా ఉన్న డబ్బా కాసేపటికే పాలు పోసినట్లు తెల్లబడి, సన్నని పగుళ్ళు పారి, మర్నాడు మూత తీయబోతే చేతిలోనే ముక్కలయింది. పారదర్శకంగా ఉండే ఇటువంటి డబ్బాలకు పాలీకార్బొనేట్ (పీసీ) అనే ప్లాస్టిక్‌ను ఎక్కువగా వాడతారు. అసిటోన్ తగిలితే అది పెళుసుబారి చిట్లుతుంది. ఆ మాట చెప్పినవారిది పూర్తిగా తప్పు కాదు, వారు చెప్పినది వేరొక ప్లాస్టిక్ గురించి.

విరిగిన భాగం లోపలి వైపు తిప్పి చూస్తే, చాలాసార్లు రెండు బాణపు గుర్తుల నడుమ ఏబీఎస్ అనో, పీపీ అనో, పీసీ అనో ప్లాస్టిక్ రకాన్ని తెలుపుతూ ఆంగ్లంలో అచ్చుపోసిన అక్షరాలు కనిపిస్తాయి. అక్షరాలు లేకపోతే చిన్న పెచ్చును గ్లాసు నీళ్ళలో వేసి, గాలి బుడగలు అంటుకోకుండా ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలపండి. పీపీ, అంటే పాలీప్రొపైలిన్, తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. మునిగిన పెచ్చు మీద ఒక చుక్క అసిటోన్ వేసినప్పుడు అది జిగటగా మారితే ఏబీఎస్ అని నమ్మవచ్చు. వాక్యూమ్ క్లీనర్ల రంగు తొడుగులు ఎక్కువగా దీనితోనే చేస్తారు.

ఏబీఎస్‌ను అసిటోన్ కరిగిస్తుంది కనుక, అతుకు అనేకంటే రెండు ముక్కలూ మళ్ళీ ఒకటవుతాయని అనడమే సరైనది. పనికిరాని మూలనుంచి అదే ప్లాస్టిక్ పెచ్చులు కొన్ని కత్తిరించి, గాజు సీసాలో అసిటోన్ పోసి మూత పెడితే కొన్ని గంటల్లో లేత పాకంలా తయారవుతుంది. పిల్లలు పోగొట్టగా మిగిలిన ఒంటరి లెగో ఇటుకలు కూడా దీనికి పనికివస్తాయి, అవీ ఎక్కువగా ఏబీఎస్‌వే. థర్మకోల్ కప్పులో మాత్రం కలపవద్దు, కప్పు అడుగు కరిగి పాకమంతా బల్ల మీదికి వస్తుంది. పగులు రెండు అంచులకూ పాకం పూసి, దగ్గరకు నొక్కి, రబ్బరు బ్యాండ్లు చుట్టి కనీసం 24 గంటలు కదపకుండా ఉంచాలి. గోళ్ళ రంగు తుడిచే సీసాలలో కొన్నింటిలో నీళ్ళు, నూనెలు కలిసి ఉంటాయి కనుక, నూరు శాతం అసిటోన్ అని రాసి ఉన్నది మాత్రమే తీసుకోండి. దాని ఆవిరి సులువుగా అంటుకుంటుంది. పొయ్యి, గ్యాస్ హీటరు ఉన్న గదిలో కాక బాల్కనీలో ఈ పని పెట్టుకోవడం క్షేమం.

పీపీకి మామూలు జిగుర్లేవీ పట్టవు. దానికోసం ముందుగా ప్రైమరు రాసి వాడే ప్రత్యేకమైన సూపర్ గ్లూ దొరుకుతుంది గాని, బరువు పడే చోట నేను దానిని నమ్మను. పగులుకు ఇరువైపులా సన్నని రంధ్రాలు వేసి తీగతో కుట్టడమో, చిన్న బోల్టు, వాషరు బిగించడమో చూడటానికి అందంగా ఉండకపోయినా నిలుస్తుంది.

మన ఫెవిక్విక్ వంటి సూపర్ గ్లూ ఆరాక పెళుసుగా ఉంటుంది కనుక, నొక్కినప్పుడల్లా వంగవలసిన కొక్కేలకు పనికిరాదు. అరిగిపోయిన స్క్రూ రంధ్రంలో వంటసోడా నింపి, ఆపైన రెండు చుక్కలు వేస్తే మాత్రం క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. తరువాత సన్నగా రంధ్రం వేసుకుని స్క్రూ బిగించుకోవచ్చు. స్క్రూ దిగే గొట్టమే నిలువునా చీలితే, దాని చుట్టూ గట్టి దారం బిగించి కట్టి, రెండు పదార్థాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు పూయాలి. పూసేముందు గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే అది పొరలా ఊడివస్తుంది.

అడుగున తిరిగే బ్రష్ చివరి బిళ్ళలు కరిగిపోయి ఉంటే అతికించే ప్రయత్నం చేయవద్దు. తల వెంట్రుకలు బేరింగులో చుట్టుకుని, రాపిడి వేడికి అవి కరుగుతాయి. యంత్రం వెనుక చీటీ మీది మోడల్ నంబరు చూసి కొత్త బ్రష్ తెప్పించుకోవడమే దారి. దొరకని చిన్న భాగాలను కొన్ని పబ్లిక్ లైబ్రరీల త్రీడీ ప్రింటర్ల మీద చేయించుకోవచ్చు. అయితే ఆ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది కనుక మోటారు దగ్గర అమర్చే భాగానికి అది తగదు. కరెంటు తీగ తొడుగు చిట్లినా, మోటారు దగ్గరి తొడుగు పగిలినా జిగురు మాట ఎత్తకండి, ఇక్కడి కరెంటు 120 వోల్టులే కదా అని తేలికగా తీసుకోవద్దు. ఏ మరమ్మతుకైనా ముందుగా ప్లగ్గు తీసి, అది మీ కళ్ళ ముందే ఉండేలా పెట్టుకోండి.

అంతా ఆరాక గొట్టం చివరను ఒకసారి అరచేతితో మూసి యంత్రం నడపండి. అతుకు దగ్గర ఈల వంటి శబ్దం వినిపిస్తే గాలి ఇంకా లోపలికి పోతున్నట్లు. అక్కడ మరొక పూత వేసి ఇంకో రోజు ఆగండి.