రాట్నం నేర్చుకోకపోతే కోడలిని కానా?

పొందూరు దగ్గర పల్లె నుంచి రాసిన సోదరికి,

సచివాలయంలో ఉద్యోగం చేసి సాయంత్రం ఇంటికొస్తే, మీ అత్తగారు రాట్నం ముందు కూర్చోమంటున్నారు, కాదంటే "ఈ విద్య నాతోనే పోతుంది, నీకు నామోషీ" అని వారాల తరబడి మాట్లాడటం మానేస్తున్నారు. మీ ఆయన పైడిభీమవరం మందుల కంపెనీలో షిఫ్టులు చేసుకుంటూ "మీరూ మీరూ చూసుకోండి" అంటున్నారు. ఇదీ మీ బాధ.

మీరు కాదనడంలో తప్పేమీ లేదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు (వడకడానికి చుట్టిన పత్తి వత్తులు) చేసి, వంద కౌంటు సన్న నూలు తీయడం సాయంత్రం పూట గంటలో పట్టుబడే పని కాదు, ఏళ్లు కావాలి. అంత పనితనానికి వడికేవాళ్ల చేతికొచ్చే కూలి ఎంతో ఆవిడకే బాగా తెలుసు. అందుకే కదా సొంత కూతురికి రాట్నం నేర్పకుండా డిగ్రీ చదివించి విశాఖలో ఇచ్చారు! ఆ పని ఇంకో తరం నిలవాలంటే ముందు కూలి పెరగాలి, కోడలి ఉద్యోగం మీద దాని భారం వేయడం న్యాయం కాదు. అయితే కూతురి మాట ఎత్తి ఆవిడతో వాదించకండి, అది ఆవిడకి చాలా లోతుగా తగులుతుంది.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఈమధ్య నూలు పదేపదే తెగుతోందని, అతకడానికి మిమ్మల్ని పిలుస్తున్నారని రాశారు. ఆవిడకి చూపు ఆనడం లేదేమో అనిపిస్తోంది. చిన్నప్పటి నుంచి తన చేతి నూలుతో, తన సొంత డబ్బుతో బతికిన మనిషి, ఆ పని చేతిలోంచి జారిపోతుంటే ఎవరికి చెప్పుకుంటారు? భయాన్నే కోపంగా మీ మీద చూపిస్తున్నారేమో. ముందు శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో (రిమ్స్) కంటి డాక్టరుకి చూపించండి, శుక్లాలైతే ఆపరేషన్‌తో చూపు మెరుగయ్యే అవకాశం చాలా ఉంది.

ఆదివారం కాసేపు పక్కన కూర్చోండి, నేర్చుకుంటానని మాటివ్వకుండానే. గింజ ఎలా తీస్తారో, ఏ పత్తి బాగుంటుందో అడగండి, ఆవిడ ఒప్పుకుంటే ఫోన్లో వీడియో తీయండి. మనసు పుట్టి మీరే వడికితే సంతోషం, లేకపోయినా ఫరవాలేదు.

ఇక మీ ఆయన. తల్లికి చెప్పాల్సిన మాట ఆయనే చెప్పాలి: "అమ్మా, తన ఉద్యోగం తనది, నీ పనంటే మాకు గౌరవం, నిన్ను చూసుకోవడం నా బాధ్యత." ఇది మీ నోటి నుంచి వస్తే ఎదురు చెప్పినట్టుంటుంది. ఈసారి ఆయనకి సెలవు దొరికిన రోజే తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లమనండి, దారిలో ఈ మాట కూడా ఆయన్నే మాట్లాడమనండి.