కృష్ణ మీద వంతెన లేని రోజుల్లో గుంటూరు వైపు ఎలా దాటేవారు?

విజయవాడ దగ్గర వంతెనలు రాకముందు జనం కృష్ణ ఎలా దాటేవారని, రేవు దాటిన అనుభవం ఎవరికైనా ఉందా అని అడిగారు. ఉంది, కాని అది విజయవాడలో కాదు, కింద పెనుమూడి రేవులో.

విజయవాడ సంగతి పెద్దలు చెప్పగా విన్నదీ చదివిందీ. రైలుకు 1893లోనే వంతెన ఏర్పడింది. రోడ్డు దారి మాత్రం 1957లో ప్రకాశం బ్యారేజీతో వచ్చింది. అప్పటిదాకా రైలు ఎక్కనివారికి పడవే ఆధారం. నిజానికి ఆ బ్యారేజీ కట్టింది మన ప్రయాణాల కోసం కాదు, డెల్టా పొలాల కోసం. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడితే, దాని స్థానంలో 1954లో పని మొదలుపెట్టారు. నీళ్లు ఆపే కట్టడం మీద రోడ్డు కూడా వేయడంతో రెండు జిల్లాలూ కలిశాయి. 1995లో కనకదుర్గ వారధి వచ్చేదాకా జాతీయ రహదారి బరువంతా ఆ బ్యారేజీయే మోసింది. అందుకే నాకు దాని మీద ప్రత్యేకమైన గౌరవం.

నా చిన్నతనమంతా రేపల్లె ప్రాంతంలో గడిచింది. మా పిన్నిని ఏటి అవతల, అవనిగడ్డ దగ్గరి పల్లెకు ఇచ్చారు. పెనుమూడిలో పడవ ఎక్కితే పులిగడ్డలో దిగాలి. అది వద్దనుకుంటే విజయవాడ మీదుగా వంద కిలోమీటర్లకు పైగా చుట్టు తిరుగుడు. మోపిదేవిలో పిల్లలకు చెవులు కుట్టించడానికి వెళ్లే కుటుంబాలు, రేపల్లెలో రైలు అందుకోవడానికి వచ్చే దివిసీమ వాళ్లు, సైకిళ్లు, పాల క్యాన్లు, కూరగాయల గంపలు, అన్నీ ఒకే పడవలో. ఎండాకాలంలో నీరు తగ్గి ఇసుక మేటలు బయటపడేవి. పడవ ఒడ్డు దాకా వచ్చేది కాదు. చెప్పులు చేత పట్టుకుని, కాలే ఇసుకలో చాలా దూరం నడవాలి. వరద వస్తే రేవే మూసేసేవారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పడవ ప్రయాణం ఎంత బాగుండేదో అని తలుచుకునేవారు పగటి ప్రయాణాన్నే తలుచుకుంటారు. మా వాళ్లను బాధపెట్టింది రాత్రి. పొద్దుగూకాక దాటించేవారు ఉండరు. మా పిన్నికి రెండో కాన్పు నొప్పులు రాత్రివేళ మొదలయ్యాయి. పుట్టింటివారు ఏటికి ఇవతల, ఆమె అవతల. కబురు తెలిసినా మా అమ్మమ్మ తెల్లవారేదాకా రేవులోనే కూర్చుంది. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు. కాని ఆ తర్వాత మా ఇంట్లో ఏటి అవతల సంబంధం అన్న మాట వస్తే అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. ఏరు పెళ్లిళ్లను కూడా నిర్ణయించేది.

పులిగడ్డ–పెనుమూడి వారధి ఈ శతాబ్దం మొదటి దశకంలో వచ్చింది. ఇప్పుడు 216వ నంబరు జాతీయ రహదారి దాని మీదుగానే మచిలీపట్నం నుంచి రేపల్లె, బాపట్ల వైపు సాగుతుంది. దూరం తగ్గిందని అందరూ అంటారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద మేలు, అర్ధరాత్రి కూడా అంబులెన్సు ఆగకుండా దాటిపోవడం. రేవును నమ్ముకున్న పడవవాళ్లకు మాత్రం ఆ బతుకుతెరువు పోయింది. వంతెన కట్టేటప్పుడే వాళ్లకు ఏదో ఒక దారి చూపించి ఉండవలసింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీరు ఆ తరహా దాటింపును కళ్లారా చూడాలనుకుంటే ఎగువన మాదిపాడు–ముక్త్యాల రేవుకు వెళ్లండి. నేను చివరిసారి వెళ్లినప్పుడు అక్కడ బల్లకట్టు మీద మనుషులతో పాటు వాహనాలను కూడా దాటిస్తున్నారు. వరద రోజుల్లో నిలిపేస్తారు కాబట్టి, బయలుదేరే ముందు ఆ ఊళ్లో తెలిసినవారిని అడిగి వెళ్లడం మంచిది.