పెరట్లో తవ్వితే దొరికిన తెల్లరాయి ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

మొక్క కోసం గుంత తీస్తుంటే మెరిసే తెల్లరాయి దొరికింది, అదేమిటని కదా ప్రశ్న. ముందు బాగా కడిగి ఆరనివ్వండి. తడిగా ఉంటే ఏ రాయైనా అందంగానే కనిపిస్తుంది.

పాత గాజుసీసాను బల్ల మీద పెట్టి, రాయి మొనతో గట్టిగా గీయండి. తుడిచినా గీత పోకపోతే అది చాలావరకు పలుగురాయి, అంటే క్వార్ట్జ్. 1812లో ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ రూపొందించిన, 1 నుంచి 10 వరకు ఉండే గట్టిదనం కొలతలో దానిది 7, గాజుది సుమారు 5.5. గీత పడకపోతే రాయిని కాస్త గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేయండి. సన్నటి బుడగలు లేస్తే కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం అనుకోవచ్చు. దాని గట్టిదనం 3 మాత్రమే.

నాకు బాగా ఇష్టమైన గుర్తు, విరిగిన చోటు. క్వార్ట్జ్ గాజుపెంకులా వంపుగా పగులుతుంది. కాల్సైట్ ఏటవాలు నున్నటి ముఖాలతో విడిపోతుంది. సుత్తితో కొడితే మాత్రం కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

పల్చటి పొరలుగా ఊడొస్తే అభ్రకం. బంగారు రంగుంటే టైల్ వెనకవైపు గరుకు భాగం మీద రుద్దండి: బంగారంలా మెరిసే పైరైట్ అనే ఖనిజానికి నల్లటి గీత పడుతుంది, బంగారానికి పసుపు గీతే.

ఇంకోటి, అది ఇల్లు కట్టినప్పుడు బయటి నుంచి తెచ్చిన కంకర కూడా కావచ్చు. కదిలించని మట్టిలో, లోతుగా అదే రాయి మళ్లీ దొరికితే అది అక్కడి నేలదే అనుకోవచ్చు.