వాన పడ్డాక డైపోల్ ఎస్‌డబ్ల్యూఆర్ ఎందుకు పెరుగుతుంది?

డాబా మీది 40 మీటర్ల హామ్ రేడియో బ్యాండ్ డైపోల్‌కి (మధ్యలో కేబుల్ కలిపిన రెండు తీగల యాంటెన్నా) ఎండాకాలమంతా 1.5 ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్ రెండు వానలకే 4 దాటిందని అడిగారు. పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె ఎస్‌డబ్ల్యూఆర్, 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. తీగ పొడవు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొన్నటిదాకా సరిపోయిన పొడవు రాత్రికి రాత్రి మారిపోదు.

ముందు అనుమానించాల్సింది రేడియో సెట్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కోయాక్స్ కేబుల్‌ని. సెట్ ఆపి, యాంటెన్నా దగ్గర కేబుల్ విప్పి, ఆ కొసకి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులు పవర్‌ని తీసుకునే రెసిస్టర్) పెట్టండి. తర్వాత తక్కువ పవర్‌తో మళ్లీ కొలవండి. 1కి దగ్గరగా వస్తే బాలన్ (కేబుల్‌ని డైపోల్ తీగలకి జతచేసే భాగం), తీగ అతుకులు చూడాలి. తగ్గకపోతే కనెక్టర్ విప్పండి. లోపలి రాగి అల్లిక నల్లబడిందంటే నీరు దిగినట్టే. నల్లబడినంత మేర కోసేసి కొత్త కనెక్టర్ సోల్డర్ చేయండి, పైన సెల్ఫ్ బాండింగ్ టేపు చుట్టండి. కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి వదిలితే నీటి బొట్లు అక్కడే రాలిపోతాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. బాగా తడిసిన కేబుల్ పవర్‌ని తనే మింగేస్తుంది, తిరిగొచ్చేది తగ్గి మీటరు మంచి అంకె చూపిస్తుంది. అందుకే డమ్మీ లోడ్ పెట్టినప్పుడు ఆ కొస దగ్గర ఎంత పవర్ చేరుతోందో కూడా కొలవండి.