డ్యూటీ బట్టలు వేసుకునే ముందు

కాజీపేట

బిడ్డా,

మొన్న గోదావరిఖని నుంచి ఫోన్ చేసి, "పెద్దబాపూ, గనిలో షిఫ్టు మారినప్పుడల్లా ప్రార్థన తప్పుతోంది, నాలో భక్తి తగ్గిపోయిందంటావా" అని అడిగావు. అప్పుడు ఏదో చెప్పి పెట్టేశాను గానీ నాకే తృప్తి కాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ టెన్షన్ వదిలెయ్. తెల్లవారుజామున నాలుగింటికి మోకరించేవాడే విశ్వాసి అని మన సంఘంలో ఒక లెక్క ఉంది. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లాడని మార్కు 1:35లో ఉన్నది నిజమే. కానీ లూకా 6:12 కూడా చూడు, రాత్రంతా కొండమీద ప్రార్థనలోనే గడిపాడు. అది నైట్ షిఫ్టే కదా!

నేను గూడ్స్ గార్డుగా చేసినన్నాళ్లూ (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పని మాత్రం అదే) డ్యూటీకి పిలవడానికి వచ్చే కాల్ బాయ్ ఎప్పుడు తలుపు కొడితే అప్పుడే లేవడం. ఒకరోజు బల్లార్షా వైపు, ఇంకోరోజు విజయవాడ వైపు. బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో కళ్లు తెరిస్తే పగలో రాత్రో తెలిసేది కాదు. గడియారం చూసి చేద్దామనుకున్న ప్రార్థన నాకు వారం కూడా నిలవలేదు. బండెక్కే ముందు చేసేది మాత్రం నిలిచింది. నువ్వు డ్యూటీ బట్టలు వేసుకునే ముందు పావుగంట పెట్టుకో. ఏ షిఫ్టయినా బట్టలైతే వేసుకోవాలి కదా. ఒకరోజు నిద్ర ముంచుకొచ్చి తప్పిపోతే మర్నాడు రెండింతలు చేసి అప్పు తీర్చబోకు.

ఇక చదవడం సంగతి. 1986 జనవరి ఒకటో తారీఖున, ఏడాదిలో బైబిలంతా ముగించాలని పట్టు పట్టాను. 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగైతే సరిపోతుంది. నోటుబుక్కులో గీతలు గీసి, చదివిన ప్రతి అధ్యాయానికీ ఒక టిక్కు పెట్టేవాణ్ని. ఫిబ్రవరి మొదట్లో లేవీయకాండం 13 దగ్గరికి, ఆ చర్మరోగాల పరీక్షల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది. అప్పటిదాకా చదివిన వంద అధ్యాయాల్లో ఏం గుర్తుందో చెప్పమంటే టిక్కులు తప్ప ఏమీ లేవు.

ఫాతిమానగర్‌లో ఉండే తోటి గార్డు ఒకాయన, కథోలికుడు, ఆ నోటుబుక్కు చూసి నవ్వాడు. వాళ్లకు ఏ రోజు ఏం చదవాలో ముందే పట్టిక ఉంటుంది. మామూలు రోజుల్లో ఒక పఠనం, ఒక కీర్తన, ఒక సువిశేష (సువార్త) భాగం, అంతే. ఆదివారాలది మూడేళ్ల చక్రం. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా. యోహాను మధ్యమధ్య, పాస్కా (ఈస్టర్) కాలంలో ఎక్కువగా వస్తాడు. నాకు నచ్చింది ఏమిటంటే, అందులో ఎంచుకునే పని మనది కాదు. మనమే ఎంచుకుంటే ఎప్పుడూ మనకు ఇష్టమైన నాలుగు కీర్తనల చుట్టే తిరుగుతాం. మన బాప్టిస్టు వాళ్లు ఏమనుకున్నా సరే, నేను ఇప్పటికీ ఆ పట్టికే చూస్తాను. అది దొరక్కపోతే మార్కుతో మొదలుపెట్టు. పదహారే అధ్యాయాలు. రోజుకు ఒక్క సంఘటన చాలు.

దాన్ని రెండుసార్లు చదువు, రెండోసారి పైకి వినబడేట్టు. మన బైబిలు తెలుగు పాతది. కళ్లతో చదివితే కొరుకుడు పడనిది నోటితో చదివితే లొంగుతుంది. మొదటి కీర్తనలో దివారాత్రము "ధ్యానించువాడు" అన్నచోట ఉన్న హీబ్రూ మాటకు గొణుక్కోవడం అనే అర్థం కూడా ఉందట. యెషయా 31:4లో సింహం గర్జనకూ, 38:14లో గువ్వ మూలుగుకూ అదే మాట వాడారని మా పాస్టరుగారు చెప్పారు. అప్పట్నుంచి నాకు ధ్యానమంటే మన దొడ్లో బర్రె నెమరేయడమే గుర్తొస్తుంది. మేసేది కాసేపు, నెమరేసేది పూటంతా. నువ్వు ఫోన్ పైనే పెట్టి గని దిగుతావు. కాబట్టి ఒక్క వాక్యం నోట్లో పెట్టుకుని దిగు.

ఇది ఎలా పనిచేస్తుందో నా అనుభవం చెబుతాను. ఇందులో మీ బాపు కూడా ఉన్నాడు, వానికి ముందే చెప్పి రాస్తున్నాలే. మేం పొలం పాలు పంచుకున్న ఏడాది బావికాడి ఇరవై గుంటల దగ్గర మాటామాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశాం. నేను మాత్రం రోజూ "ప్రభువా, మా కుటుంబంలో సమాధానం దయచేయుము" అని, అంటే శాంతి ఇవ్వమని, గంభీరంగా ప్రార్థించేవాణ్ని. ఒకరోజు మార్కు 10లో గుడ్డి బర్తిమయి భాగం వచ్చింది. వాడు దారిపక్కన కూర్చుని అరుస్తున్నాడు. యేసు పిలిపించి, నీకు నేనేం చేయాలి అని అడుగుతాడు. గుడ్డివాడికి ఏం కావాలో కనబడటం లేదా, ఆ ప్రశ్న ఎందుకు? డోర్నకల్ దాటేదాకా బండి చివర గార్డు పెట్టె అయిన బ్రేక్‌వ్యాన్‌లో అదే నెమరేశాను. చివరికి తట్టింది, వాడు తన నోటితో చెప్పాలి. మరి నాకేం కావాలి? నిజం చెప్పాలంటే నాకు సమాధానం అక్కర్లేదు, ఆ ఇరవై గుంటలు కావాలి. పైకి అదే అన్నాను. "ప్రభువా, నాకు బావికాడి మడి కావాలి." అన్నాక సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. అయినా నేను మీ ఇంటికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టిందనుకో. చదివిన వెంటనే మారిపోతామని ఎవరైనా చెబితే నమ్మకు.

వాట్సాప్‌లో వచ్చే వచనాల గురించి ఒక్కమాట. యిర్మీయా 29:11 నువ్వు స్టేటస్ పెట్టావట, మీ అక్క చూపించింది. మంచి వచనమే. కానీ పైన పదో వచనం చదివావా? అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం. డెబ్బై ఏళ్లు పడుతుంది, అందాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. ప్రమోషన్ వచ్చే నెలలో వస్తుందని అందులో ఎక్కడా లేదు. ఏ వచనం నచ్చినా పైన అయిదు, కింద అయిదు చదువు.

ఏమీ మాట రాని రోజులుంటాయి, ముఖ్యంగా పక్కనున్న మనిషికి గనిలో దెబ్బ తగిలిన రోజు. అప్పుడు సొంతంగా ప్రార్థన కట్టబోకు, కీర్తనలు 88 తియ్. చాలా విలాప కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. ఇది మాత్రం చీకటిలోనే ఆగిపోతుంది. అదీ దేవుని పుస్తకంలోనే ఉంది కాబట్టి ఆ రోజుకు అక్కడే ఆగినా తప్పులేదు.

నా పాత బైబిలు మీ అక్క చేతికిచ్చి పంపుతున్నాను. అట్ట ఊడింది, గోధుమపిండి జిగురుతో అతికించాను, ఎండలో పెట్టకు. లేవీయకాండం 13 దగ్గర ఒక పాత రైలు టికెట్టు ఉంటుంది. దాన్ని మాత్రం తీయొద్దు.

మీ పెద్దబాపు