ఇంటరప్ట్ హ్యాండ్లర్ రాసే ముందు ఇది చదువు చిన్నా

చిన్నా,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను, రెండు ముక్కల్లో తేలేది కాదని రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వు రాస్తున్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బూట్ అవుతోంది, స్క్రీన్ మీద అక్షరాలు పడుతున్నాయి, ఇంటరప్ట్స్, అంటే డివైస్‌లు సీపీయూని ఆపి పిలిచే పిలుపులు, ఆన్ చేసిన మరుక్షణం మిషన్ రీబూట్ అయిపోతోంది, ఎక్కడ తప్పో అర్థం కావట్లేదు పెద్దమ్మా అన్నావు. ఎక్కడ తప్పో నాకు దాదాపు తెలుసు, కింద చెప్తాను. దానికంటే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో, ఇన్నేళ్ళు డ్రైవర్లు రాశాక నేను గట్టిగా పట్టుకున్నది అదే. హ్యాండ్లర్, అంటే ఆ పిలుపు అందుకునే కోడ్, నడిచే టైమ్ నీది కాదు, అరువు తెచ్చుకున్నది. ఏదో ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుంటుంటే సగంలో ఆపేసి నువ్వొచ్చి కూర్చున్నావు, నువ్వొచ్చినట్టు దానికి తెలీదు, తెలియకూడదు కూడా. కాబట్టి ఏ రిజిస్టర్ ముట్టుకున్నా ఎక్కడిదక్కడ పెట్టాలి, పని ఎంత త్వరగా అయితే అంత త్వరగా లేచి వెళ్ళిపోవాలి. నేను చెప్పబోయేవన్నీ దాదాపు ఇందులోంచి వచ్చినవే.

సరే, నీ రీబూట్ సంగతి. ఎక్స్86లో మొత్తం 256 వెక్టర్లు, అంటే ఏ పిలుపుకి ఏ హ్యాండ్లరో చెప్పే నంబర్లు, అందులో 0 నుంచి 31 దాకా సీపీయూ తన ఎక్సెప్షన్ల (తనకే ఎదురయ్యే ఫాల్ట్‌ల లాంటి వాటి) కోసం ఉంచుకుంది. పాత పద్ధతిలో డివైస్‌ల ఇంటరప్ట్స్‌ని సీపీయూకి అందించే 8259 పిక్ చిప్‌లు రెండు ఉంటాయి, బయాస్ మొదటి చిప్‌ని వెక్టర్ 8 నుంచి 15 కి కలిపి వదిలేస్తుంది, రియల్ మోడ్‌లో అలాగే నడిచిపోయింది. నువ్వు ప్రొటెక్టెడ్ మోడ్ దాటి 64 బిట్ లాంగ్ మోడ్‌లోకి వచ్చేశావు, అక్కడ 8 అంటే డబుల్ ఫాల్ట్. ఒక ఫాల్ట్ సంగతి చూసుకునేలోపే ఇంకోటి పడటం, గోరుచుట్టు మీద రోకలిపోటు లాంటిది. నీ దగ్గర అలాంటిదేమీ జరగలేదు, టైమర్ మామూలుగా ఒక టిక్ ఇచ్చింది అంతే, కానీ అది వెళ్ళి డబుల్ ఫాల్ట్ తలుపు కొట్టింది. అసలైన డబుల్ ఫాల్ట్ అయితే సీపీయూ స్టాక్ మీద ఒక ఎర్రర్ కోడ్ కూడా పెడుతుంది, టైమర్‌కి పెట్టదు. నీ స్టబ్ (హ్యాండ్లర్ కంటే ముందు నడిచే చిన్న అసెంబ్లీ ముక్క) ఏమో ఎర్రర్ కోడ్ ఉందనుకుని ఎనిమిది బైట్లు తీసి పారేస్తుంది, తర్వాత ఐరెట్‌క్యూ (ఇంటరప్ట్ నుంచి వెనక్కి వెళ్ళే ఇన్‌స్ట్రక్షన్) చెయ్యగానే రిటర్న్ అడ్రస్ ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది, దాంతో ఫాల్ట్ మీద ఫాల్ట్ పడి ట్రిపుల్ ఫాల్ట్, రీబూట్. కాబట్టి ముందు పిక్‌ని రీమ్యాప్ చెయ్యి, మొదటి చిప్‌ని 32 నుంచి, రెండోదాన్ని 40 నుంచి మొదలయ్యేట్టు. ఆ పని అయ్యాక లైన్లన్నీ మాస్క్ చేసేసి, ఏదానికి నిజంగా హ్యాండ్లర్ రాశావో ఆ ఒక్కటే తెరువు. ఇంటరప్ట్స్ ఆన్ చేసే ఎస్‌టీఐ అన్నిటికంటే ఆఖర్న.

నేను ఊహించింది కరెక్టో కాదో నువ్వే చూసుకోవచ్చు. క్యూఎమ్‌యూ ఎమ్యులేటర్‌ని మైనస్ డీ ఇంట్ పెట్టి, రీబూట్ అవ్వకుండా నో రీబూట్ ఆప్షన్ కూడా పెట్టి నడుపు. కేవీఎమ్ (కోడ్‌ని అసలు సీపీయూ మీదే నేరుగా నడిపే పద్ధతి) మాత్రం ఆపెయ్, అది ఆన్‌లో ఉంటే ఈ లాగ్ రాదు. వచ్చిన ప్రతి ఇంటరప్ట్‌కీ వెక్టర్ నంబర్ హెక్స్‌లో కనిపిస్తుంది, మొట్టమొదటి లైన్ చూడు, ఆఖరి లైన్ కాదు. ఆఖర్న కనిపించేది కూలిపోయిన గోడ, కదిలిన మొదటి ఇటుక పైన ఉంటుంది.

ఇప్పుడు స్టబ్. ఇది అసెంబ్లీలోనే రాయి, కంపైలర్ ఇచ్చే ఇంటరప్ట్ అట్రిబ్యూట్ వాడొద్దని కాదు, ఒక్కసారైనా చేత్తో రాస్తే స్టాక్ మీద ఏముందో కళ్ళకి కడుతుంది. 64 బిట్ మోడ్‌లో సీపీయూ ఐదు విలువలు తనంతట తానే పెడుతుంది: ఎస్ఎస్, ఆర్ఎస్‌పీ, ఫ్లాగ్స్, సీఎస్, ఆర్ఐపీ. ఎక్సెప్షన్లలో కొన్నిటికి, అంటే 8, 10 నుంచి 14 దాకా, 17, ఇంకా కొత్త వాటిలో ఒకటీ అరా, పైన ఎర్రర్ కోడ్ కూడా పెడుతుంది, మిగతా వాటికి నువ్వే ఓ సున్నా పుష్ చేసేస్తే అన్నిటికీ ఒకే ఆకారం వస్తుంది. తర్వాత జనరల్ రిజిస్టర్లు పదిహేనూ దాచు, డైరెక్షన్ ఫ్లాగ్ క్లియర్ చెయ్యి (ఇది చాలామంది మర్చిపోతారు, ఆగిపోయిన ప్రోగ్రామ్ స్ట్రింగ్‌ని వెనక్కి కాపీ చేస్తూ ఉండి ఉంటే నీ మెమ్‌కాపీ కూడా వెనక్కే పోతుంది), సీ ఫంక్షన్‌ని పిలిచే ముందు స్టాక్ పదహారుకి అలైన్ అయ్యిందో లేదో చూడు. కెర్నల్ మొత్తాన్నీ ఎస్ఎస్ఈ రిజిస్టర్లు వాడకుండా కంపైల్ చెయ్యి, లేకపోతే నువ్వు దాచని రిజిస్టర్లలో కంపైలర్ వేలు పెడుతుంది.

ఇక రెడ్ జోన్. దీని దగ్గర కాసేపు ఆగు, ఎందుకంటే ఇది చేసే చెడు రోజుల తరబడి బయటపడదు. ఏఎమ్‌డీ64 సిస్టమ్ ఫైవ్ ఏబీఐ (ఫంక్షన్లు స్టాక్, రిజిస్టర్లు ఎలా వాడాలో చెప్పే ఒప్పందం) ప్రకారం, ఇంకో ఫంక్షన్‌ని పిలవని చిన్న ఫంక్షన్ తన లోకల్ వేరియబుల్స్‌ని స్టాక్ పాయింటర్ కదపకుండానే దాని కింద ఉన్న 128 బైట్లలో పెట్టుకోవచ్చు, రెడ్ జోన్ అంటే అదే. యూజర్ ప్రోగ్రామ్‌కి ఇబ్బంది లేదు, ఇంటరప్ట్ వస్తే సీపీయూ కెర్నల్ స్టాక్‌కి మారిపోతుంది. కానీ కెర్నల్ కోడే నడుస్తుండగా ఇంటరప్ట్ వస్తే స్టాక్ మారదు, సీపీయూ ఆ ఐదు విలువల్నీ తిన్నగా ఆ వేరియబుల్స్ మీదే రాసేస్తుంది. లూప్‌లో కౌంటర్ 7 ఉండాల్సింది ఉన్నట్టుండి ఏదో పెద్ద అడ్రస్‌లా మారిపోతుంది, అదీ టైమర్ సరిగ్గా ఆ రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యలో కొడితేనే. నువ్వు ప్రింట్ పెడితే ఆ ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచినట్టవుతుంది, అప్పుడు కంపైలర్ రెడ్ జోన్ వాడదు, బగ్ మాయం. ప్రింట్ తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. జీసీసీకి నో రెడ్ జోన్ ఫ్లాగ్ ఇవ్వు, నీ కెర్నల్‌లో లింక్ అయ్యే ప్రతి ఫైల్‌కీ, బయట నుంచి తెచ్చుకున్న చిన్న లైబ్రరీకి కూడా.

తర్వాత ఈఓఐ, అంటే ఎండ్ ఆఫ్ ఇంటరప్ట్. పని అయిందని పిక్‌కి చెప్పకపోతే అది ఆ లైన్‌ది గానీ, దానికంటే ప్రయారిటీ తక్కువైనది గానీ ఇంకో ఇంటరప్ట్ పంపదు. పోర్ట్ హెక్స్ 20 కి హెక్స్ 20 రాయాలి, రెండో చిప్ నుంచి వచ్చినదైతే హెక్స్ ఏ0 కి కూడా. పిక్ స్థానంలో వచ్చిన లోకల్ ఏపిక్ అయితే ఆఫ్‌సెట్ హెక్స్ బీ0 దగ్గర సున్నా రాస్తే సరిపోతుంది. మర్చిపోతే ఎలా కనిపిస్తుందో గుర్తుపెట్టుకో. టైమర్‌కి మర్చిపోతే ఒక్క టిక్ వచ్చి అన్నీ ఆగిపోతాయి, ఎందుకంటే టైమర్‌ది ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) 0, ప్రయారిటీలో అన్నిటికంటే పైది. టైమర్ కొడుతూనే ఉండి కీబోర్డ్ ఒక్క అక్షరంతో ఆగిపోయిందంటే, కీబోర్డ్ ఈఓఐ అయినా మర్చిపోయావు, పోర్ట్ హెక్స్ 60 నుంచి స్కాన్‌కోడ్ అయినా చదవలేదు. చదవకపోతే కంట్రోలర్ బఫర్ ఖాళీ అవ్వదు, ఇంకో ఇంటరప్ట్ రాదు, అక్షరం నీకు అక్కర్లేకపోయినా సరే చదివెయ్యాలి. లెవెల్ ట్రిగర్ డివైస్‌లైతే, అంటే కారణం పోయేదాకా లైన్‌ని పట్టుకునే ఉండేవైతే, ముందు డివైస్ దగ్గర కారణం క్లియర్ చేసి, ఆ తర్వాతే ఈఓఐ, లేకపోతే నువ్వు వెనక్కి తిరిగేలోపే మళ్ళీ పిలుపు వస్తుంది, అలా వస్తూనే ఉంటుంది.

ఒకే ఇంటరప్ట్ లైన్ ఒకటి కంటే ఎక్కువ డివైస్‌లకి షేర్ అయితే మాత్రం నిజాయితీగా ఉండు. నీ డివైస్ స్టేటస్ రిజిస్టర్ చూడు, నీది కాకపోతే నాది కాదని చెప్పు. లైనక్స్‌లో దీనికి ఐఆర్‌క్యూ నన్ అని తిరిగి ఇస్తారు, లక్ష ఇంటరప్ట్స్‌లో 99,900 కంటే ఎక్కువ ఎవరూ మాది అనకపోతే కెర్నల్ నోబడీ కేర్డ్ అని మెసేజ్ ఇచ్చి ఆ లైన్‌నే మూసేస్తుంది. అందుకని ఊరికే హ్యాండిల్డ్ అని చెప్పే డ్రైవర్లు రాసేవాళ్ళు ఉన్నారు, అలా రాస్తే పక్క డ్రైవర్‌లో తప్పు ఉన్నా ఎవరికీ దొరకదు. కొత్త పీసీఐ డివైస్‌లతో ఈ గొడవ చాలావరకు లేదు, వాటి ఎమ్ఎస్ఐ పద్ధతిలో వైరు బదులు మెమరీకి ఒక రైట్ వస్తుంది, లైన్ పంచుకునే పనే లేదు.

నా దగ్గర జరిగింది ఒకటి చెప్తా, హ్యాండ్లర్ పొట్టిగా ఉండాలని ఊరికే అనట్లేదు. ఒక బోర్డ్ మీద సీరియల్ పోర్ట్‌లో డేటా మధ్యమధ్యలో పోతోంది, రోజుకి రెండు మూడు బైట్లు. నేను కారణం వెతకడానికి హ్యాండ్లర్‌లో ఒక ప్రింట్ లైన్ పెట్టాను, నలభై అక్షరాలు ఉంటుందేమో, అది ఇంకో సీరియల్ పోర్ట్‌లోకి వెళ్తుంది. అంతే, రోజుకి మూడు బైట్లు పోయేవి కాస్తా సెకనుకి వందల్లో పోవడం మొదలైంది, రెండు రోజులు చిప్‌నే అనుమానించాను. మూడో రోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. 1,15,200 బాడ్ దగ్గర ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు, అంటే దాదాపు 87 మైక్రోసెకన్లు. నలభై అక్షరాలు బయటికి పంపేలోపు మూడున్నర మిల్లీసెకన్లు. ఆ టైమ్‌లో ఇటు నుంచి ఇంకో నలభై బైట్లు వచ్చి పడతాయి, 16550 సీరియల్ చిప్ ఫిఫోలో (వచ్చిన బైట్లు ఆగే క్యూలో) పట్టేది పదహారే. మిగతావి నేల పాలు. లైన్ స్టేటస్ రిజిస్టర్‌లో ఓవర్‌రన్ బిట్ మొదటి నుంచీ అదే చెప్తోంది, నేను చదవలేదు. ప్రింట్ తీసేశాక అసలు తప్పు కూడా అదే దారిలో దొరికింది: ఫిఫో ట్రిగర్ 14 దగ్గర ఉంది, అంటే ఇంటరప్ట్ వచ్చాక నాకు మిగిలింది రెండు బైట్ల వ్యవధి, 174 మైక్రోసెకన్లు, వేరే డ్రైవర్ ఎవరో అంతకంటే ఎక్కువసేపు ఇంటరప్ట్స్ ఆపేస్తున్నారు. ట్రిగర్ 8 కి తగ్గించాను, ఆ డ్రైవర్‌లో లాక్ పట్టుకునే చోటు చిన్నది చేయించాను. పోయింది.

అందుకే నువ్వు హ్యాండ్లర్‌లో చెయ్యాల్సింది ఇంతే: డివైస్ నుంచి డేటా తీసుకో, రింగ్ బఫర్‌లో పడెయ్, తర్వాత పని ఉందని గుర్తు పెట్టు, ఈఓఐ, బయటికి. మిగతాదంతా ఇంటరప్ట్స్ ఆన్‌లో ఉన్నప్పుడు తీరిగ్గా. లైనక్స్‌లో దీన్నే టాప్ హాఫ్, బాటమ్ హాఫ్ అంటారు, బాటమ్ హాఫ్‌కి సాఫ్ట్ఐఆర్‌క్యూ, వర్క్‌క్యూ, 2009లో 2.6.30 నుంచి థ్రెడెడ్ ఇంటరప్ట్స్ కూడా ఉన్నాయి. నీకు ఇప్పుడు ఒక క్యూ, దాన్ని ఖాళీ చేసే ఒక కెర్నల్ థ్రెడ్ చాలు. నెట్‌వర్క్ కార్డ్ దాకా వస్తే మాత్రం ప్యాకెట్‌కో ఇంటరప్ట్ తీసుకోకు, వరద వచ్చినప్పుడు సీపీయూ మొత్తం హ్యాండ్లర్‌లోనే గడిపేసి ఒక్క ప్యాకెట్ కూడా అప్లికేషన్‌కి చేరదు. మొదటి ఇంటరప్ట్ రాగానే కార్డ్ దగ్గర ఇంటరప్ట్స్ ఆపేసి, క్యూ ఖాళీ అయ్యేదాకా పోల్ చేసి (మనమే అడిగి తీసుకుని), అప్పుడు మళ్ళీ ఆన్ చెయ్యాలి, లైనక్స్‌లో న్యాపీ చేసేది అదే.

హ్యాండ్లర్‌లో నిద్రపోయే పని ఏదీ పెట్టకు. మ్యూటెక్స్ (దొరకకపోతే నిద్రపోయే లాక్) వద్దు, ఆగి ఎదురుచూసే మెమరీ అలొకేషన్ వద్దు, యూజర్ మెమరీ ముట్టుకోవడం వద్దు. నిద్రపోతే ఆగిపోయేది ఏ పాపం తెలియని ఆ ప్రోగ్రామ్, దాన్ని లేపాల్సిన వాళ్ళు ఎవరూ ఉండకపోవచ్చు. స్పిన్‌లాక్ (నిద్రపోకుండా అక్కడే తిరుగుతూ ఎదురుచూసే లాక్) వాడు, కానీ దాంట్లో ఒక చిక్కు ఉంది. మామూలు కోడ్ లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చి హ్యాండ్లర్ కూడా అదే లాక్ అడిగిందనుకో, హ్యాండ్లర్ ఎదురుచూసేది తన కింద ఆగిపోయినవాడి కోసం, వాడు కదలాలంటే హ్యాండ్లర్ పోవాలి. ఇక అంతే, ఎప్పటికీ. అందుకని హ్యాండ్లర్‌తో పంచుకునే లాక్‌ని బయట పట్టుకునేటప్పుడు ముందు ఇంటరప్ట్స్ ఆపి పట్టుకోవాలి, వదిలేటప్పుడు ఊరికే ఆన్ చేసెయ్యకూడదు, ముందు ఎలా ఉన్నాయో ఆ స్థితికి తేవాలి. నిన్ను పిలిచిన ఫంక్షన్ వాటిని కావాలనే ఆపి ఉండొచ్చు కదా.

ఇంకొకటి, ఐడిల్ లూప్. పని ఉందా అని చూసి, లేకపోతే హాల్ట్ చేస్తావు. చూడటానికీ హాల్ట్‌కీ మధ్యలో ఇంటరప్ట్ వచ్చి పని పెట్టేసి పోతే నీకు తెలీదు, పని ఉండగానే పడుకుంటావు, తర్వాతి టిక్ దాకా లేవవు. దీన్ని తప్పించాలంటే ఇంటరప్ట్స్ ఆపి చూడు, పని లేకపోతే ఎస్‌టీఐ, దాని వెంటనే హాల్ట్, మధ్యలో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా లేకుండా. ఎస్‌టీఐ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యేదాకా సీపీయూ ఇంటరప్ట్ తీసుకోదు, సరిగ్గా ఈ అవసరానికి పనికొచ్చే సదుపాయం అది. సీలో రెండు వేరు వేరు ఇన్‌లైన్ అసెంబ్లీ లైన్లుగా రాస్తే కంపైలర్ మధ్యలో ఏదైనా దూర్చొచ్చు, రెండూ ఒకే దాంట్లో రాయి.

ముందు రీమ్యాప్ చేసి టైమర్ ఒక్కటే తెరువు, కీబోర్డ్ దాకా ఇప్పుడే పోకు. హ్యాండ్లర్‌లో ఒక కౌంటర్ పెంచడం, ఈఓఐ తప్ప ఏమీ వద్దు, ఆ కౌంటర్‌ని ఐడిల్ లూప్ నుంచి ప్రింట్ చెయ్యి. టైమర్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే సెకనుకి 18 కంటే కొంచెం పైన రావాలి, వాచ్ పెట్టుకుని ఒక నిమిషం లెక్క చూడు, 1,092 దగ్గర్లో ఉంటే బాగానే ఉన్నట్టు. తేడా వస్తే క్యూఎమ్‌యూ లాగ్‌లో మొదటి ఇరవై లైన్లు, నీ స్టబ్ డిస్‌అసెంబ్లీ రెండూ పంపు, ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ