మే నెల మధ్యాహ్నాన్ని లెక్కలో వేసుకో

హనుమకొండ,
2025 ఫిబ్రవరి 16.

చిరంజీవి బిడ్డకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటున్నావనీ, దాని ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తానంటున్నావనీ, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపిస్తావనీ, అందుకోసం గొట్టాల్లో ద్రవం తిప్పి దాని వేడిని తీసే లిక్విడ్ కూలర్ కొనబోతున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. "కరెంటు సామాన్ల నీళ్ళేంది అన్నా, నువ్వన్న జెర చెప్పు" అని ఆమె గాబరా పడింది. ఆ తర్వాత నువ్వు కాగితం మీద గీసుకున్న పట్టికను వాట్సాప్‌లో పంపింది. ఒక వైపు ఎయిర్ కూలర్లు, మరో వైపు లిక్విడ్ కూలర్లు, ప్రతిదాని ఎదురుగా ధర, ఎత్తు, చప్పుడు, ఉష్ణోగ్రత. ఇన్నేళ్ళు కంప్యూటర్ షాపు నడిపిన నా దగ్గరికి అంత శ్రద్ధగా లెక్క వేసుకొని వచ్చిన వాళ్ళు అయిదారుగురికి మించి ఉండరు. ఆ కాగితాన్ని మీ అత్తకు చూపించి, మన పిల్ల రాసిందని చెప్పుకున్నాను.

అయితే రాత్రి పడుకునే ముందు మళ్ళీ చూస్తే ఆ పట్టికలో ఒక గడి లేదని తోచింది. గది ఉష్ణోగ్రత ఎంతో నువ్వు ఎక్కడా రాయలేదు. ఈ ఉత్తరం ప్రధానంగా ఆ ఒక్క గడి కోసమే రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులను ఒక్కొక్క మాటలో ముగిస్తాను. నువ్వు ఎంచుకున్న ఇంటెల్ కోర్ ఐ7 14700కె ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలంటే, అందుకు వీలిచ్చే జెడ్ తరగతి చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) ఉన్న బోర్డే కొనాలి. బిగించిన రోజే బయోస్‌ను, అంటే బోర్డులోనే ఉండి యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామును, తాజా చేసుకో, ఎందుకంటే ఈ తరం ప్రాసెసర్లలో అధిక వోల్టేజీ వల్ల తలెత్తిన అస్థిరతకు ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి ఇచ్చిన సవరణలు అందులోనే వస్తాయి. కూలర్ అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొరను తీసివేయాలి. మరలను ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించాలి. ఇవి నీకు చెప్పనవసరం లేదు.

ఇక గడి సంగతి. నీ పట్టికలోని ఉష్ణోగ్రతలు చాలా వరకు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే గదుల్లో కొలిచినవి. కూలర్ ఏ రకానిదైనా, ప్రాసెసర్‌లో పుట్టిన వేడిని గదిలోని గాలికి అప్పగించడమే దాని పని. ఎయిర్ కూలర్‌లో ఆ వేడి రాగి గొట్టాల ద్వారా రేకులకు చేరుతుంది. లిక్విడ్ కూలర్‌లో పంపు తిప్పే ద్రవం ద్వారా రేడియేటర్ రేకులకు చేరుతుంది. చివరికి రెండింటిలోనూ ఫ్యాన్ గాలే దానిని మోసుకుపోతుంది. కాబట్టి కూలర్ నీకు ఇచ్చేది ఒక తేడా మాత్రమే: గది కంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ అని. పూర్తి భారం మీద, అంటే ప్రాసెసర్‌కు పూర్తి పని ఇచ్చినప్పుడు, ఆ తేడా 60 డిగ్రీలు అనుకో. డిసెంబరు రాత్రి నీ గది 18 డిగ్రీలుంటే ప్రాసెసర్ 78 చూపిస్తుంది, నువ్వు సంతోషిస్తావు. మే నెలలో కరీంనగర్‌లో మీ డాబా మీది గది, పగలంతా స్లాబు కాగిన తర్వాత, 40 డిగ్రీలుంటే అదే ప్రాసెసర్ 100 చూపిస్తుంది. నువ్వు ఎంచుకున్న ప్రాసెసర్‌కు 100 డిగ్రీలే హద్దు. అక్కడికి చేరగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, నువ్వు ఓవర్‌క్లాక్ చేసి సంపాదించినది అక్కడే పోతుంది.

లిక్విడ్ అనే పేరు విని మన ఇళ్ళలో ఎండాకాలం పెట్టుకునే కూలర్‌ను గుర్తు తెచ్చుకోవద్దు. ఆ కూలర్ తడకల మీది నీళ్ళు ఆవిరైపోతూ గాలిలోని వేడిని తీసుకుంటాయి కనుక గది కంటే చల్లని గాలిని ఇస్తుంది. నీ లిక్విడ్ కూలర్‌లోని ద్రవం మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుందే కానీ ఆవిరి కాదు, కాబట్టి అది ఏనాడూ గది కంటే చల్లగా ఉండలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలంటే, మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని ఒక సంగతి చెప్పాలి.

నేను చౌరస్తా దగ్గర షాపు పెట్టిన కొత్తలో సెలెరాన్ 300ఎ అనే ప్రాసెసర్ ఉండేది. దాని బస్ స్పీడును, అంటే బోర్డు నుంచి ప్రాసెసర్‌కు అందే మూల వేగాన్ని, 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు మారిస్తే, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450కి పరుగెత్తేది. నేను అలా చేసి ఇచ్చిన వాటిలో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. దానితో నాకు ఇందులో అంతా తెలుసుననే ధైర్యం వచ్చింది. 2002 డిసెంబరులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి తండ్రితో కలిసి వచ్చాడు. వాళ్ళ ఇల్లు వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర. తండ్రి ఆ ఏటి పత్తి అమ్మిన డబ్బును రుమాలులో ముడివేసి తెచ్చాడు. అబ్బాయి కోరిన ప్రాసెసర్‌కు డబ్బు చాలలేదు. నేను తక్కువ ధరది వేసి, బస్ స్పీడు 133 నుంచి 150కి పెంచి, వోల్టేజీ ఒక మెట్టు ఎక్కించి, పెద్ద ప్రాసెసర్‌తో సమానంగా పని చేస్తుందని చెప్పి ఇచ్చాను. షాపులో సాయంకాలం పూట, తలుపులు తెరిచి ఉండగా, పది నిమిషాలు పరీక్షించాను. 58 డిగ్రీలు చూపించింది. చాలనుకున్నాను.

ఎనుమాముల పత్తి సీజన్ ఎలా ఉంటుందో నీకు తెలుసు. బండ్లు, లారీలు దిగినప్పుడల్లా గాలిలో దూది నూగు తేలుతూ ఉంటుంది. ఆ ఇంట్లో కంప్యూటర్ కిటికీ పక్కన ఉంది. మూడు నాలుగు నెలల్లో హీట్‌సింక్ రేకుల మధ్య నూగు కంబళిలాగా అల్లుకుంది, ఫ్యాన్ ఇరుసుకు చుట్టుకుంది. ఏప్రిల్ నుంచి యంత్రం మధ్యాహ్నాలు ఆగిపోవడం మొదలైంది. అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను వెళ్ళి చూడకుండా, విండోస్ మళ్ళీ వేసుకోమని చెప్పాను. మే నెలలో ఒక మధ్యాహ్నం ఫ్యాన్ పూర్తిగా నిలిచిపోయింది. అప్పటి ఆ ప్రాసెసర్‌కు ఇప్పటి వాటిలాగా వేడెక్కితే తానే ఆగిపోయే రక్షణ లేదు. అది కాలిపోయింది. దాని పక్కన బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. యంత్రం అస్థిరంగా నడిచిన ఆ నెల రోజుల్లో అతని ప్రాజెక్టు ఫైళ్ళు సగం చెడిపోయాయి, వేరే నకలు లేదు, సమర్పించడానికి తొమ్మిది రోజులే గడువు ఉంది.

తండ్రీ కొడుకులు క్యాబినెట్‌ను ఆటోలో వేసుకొని వచ్చారు. మూత తీసి ఆ నూగు చూసినప్పుడు నా చేతులు వణికాయి. ఆ పెద్దమనిషి నన్ను ఒక్క మాట అనలేదు. "ఏమన్న అయితదా సార్" అని మాత్రం అడిగాడు. నా డబ్బుతో కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ వేసి, ఏ మార్పూ చేయకుండా ఇచ్చాను. రాత్రుళ్ళు షాపులో ఆ అబ్బాయి చదువుతుంటే నేను టైపు చేశాను, నేను అలసిపోతే అతను టైపు చేశాడు. గడువుకు ఒక రోజు ముందు పూర్తయింది. అతను ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, దసరాకు ఫోన్ చేస్తాడు. అయినా ఆ తండ్రి అడిగిన తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. డిసెంబరు సాయంత్రం పది నిమిషాలు చూసి, మే మధ్యాహ్నానికి హామీ ఇచ్చాను. నేను చేసిన తప్పు అది.

ఆ పది నిమిషాల పరీక్ష లిక్విడ్ కూలర్‌తో ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.18 కిలోజౌళ్ళు కావాలి, అదే బరువు గల గాలికి ఒక కిలోజౌలు చాలు. కాబట్టి ద్రవం నెమ్మదిగా వేడెక్కుతుంది, మొదట్లో అంకెలు చల్లగా కనిపిస్తాయి, అరగంట గడిస్తే గానీ అసలు ఉష్ణోగ్రత బయటపడదు. నీ పని గంటల తరబడి సాగే రెండరింగ్, అంటే కంప్యూటర్ లెక్కగట్టి దృశ్యాలను తయారుచేయడం కనుక నీకు కావలసింది ఆ చివరి అంకె. ఏది కొన్నా గంటకు తక్కువ కాకుండా నడిపి చూడు.

మీ అమ్మ నీటిని చూసి భయపడుతున్నది, నేను మాత్రం వోల్టేజీని చూసి భయపడుతున్నాను. ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం 5 శాతం, వోల్టేజీ 8 శాతం పెంచావనుకో. 200 వాట్లు తీసుకునేది సుమారు 245 వాట్లు తీసుకుంటుంది. అయిదు శాతం వేగం కోసం ఇరవై రెండు శాతం వేడి. నీ ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పిన గరిష్ఠ టర్బో హద్దే 253 వాట్లు. వోల్టేజీ మితిమీరితే చిప్ కాలంతో పాటు అరిగిపోతుంది, ఆ అరుగుదలను ఏ కూలరూ పూర్తిగా ఆపలేదు.

ఇప్పుడు రెండింటిలో ఏది అని అడుగుతావు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే, 250 వాట్లు గంటల తరబడి మోయాలంటే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్‌దే పైచేయి. అయితే 200 వాట్ల లోపల రేకుల గోపురాలు రెండున్న పెద్ద ఎయిర్ కూలర్‌కూ దానికీ తేడా కొద్ది డిగ్రీలే. చిన్న చిప్ నుంచి వేడి దాని పైనున్న లోహపు మూతలోకి రావడమే ఇరుకు దారి కాబట్టి, ఆ పైన ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా అంతకంతకూ లాభం తగ్గుతుంది. ఎయిర్ కూలర్‌లోనూ నీరు ఉంటుందని మీ అమ్మకు చెప్పు. ఆ రాగి గొట్టాల్లో సాధారణంగా ఉండేది కొద్దిపాటి నీరే. తక్కువ పీడనంలో అది వేడి కొన దగ్గర ఆవిరై, చల్లని కొన దగ్గర మళ్ళీ నీరై, లోపలి వత్తి గుండా తిరిగి వస్తుంది. అందులో చెడిపోయేది ఏమీ లేదు. ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు, అంతవరకు రేకులు కొంతైనా వేడిని వదులుతూ ఉంటాయి. లిక్విడ్ కూలర్‌లో పంపు నిలిచిపోతే కొద్ది క్షణాల్లోనే ప్రాసెసర్ హద్దుకు చేరుతుంది, చాలా మోడళ్ళలో మొత్తం కూలర్‌నే మార్చాలి. గొట్టాల గోడల గుండా ద్రవం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోతుంది కూడా. లీకు అరుదే, కానీ జరిగితే తడిసేది కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డు.

నీ స్థానంలో ఉంటే నేను ఎయిర్ కూలర్ కొని, బయోస్‌లో విద్యుత్ హద్దును 180 నుంచి 200 వాట్ల మధ్య పెట్టి, వోల్టేజీని పెంచే బదులు కొద్దిగా తగ్గించి చూస్తాను. రెండర్ వేగంలో పోయేది స్వల్పమే, వేడిలో తగ్గేది చాలా. కొనే ముందు క్యాబినెట్ వెడల్పు చూసుకో. నీ పట్టికలో మొదట రాసిన నాక్చువా ఎన్‌హెచ్-డి15 ఎయిర్ కూలర్ ఎత్తు, బోర్డు నుంచి క్యాబినెట్ పక్క మూత వైపు, 165 మిల్లీమీటర్లు, ఫ్యాన్లతో బరువు 1,320 గ్రాములు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు ఈ యంత్రాన్ని బస్సులో తీసుకుపోవలసి వస్తే ఆ కూలర్‌ను తప్పకుండా విప్పి వేరుగా పట్టుకో, లేకపోతే గుంతల్లో ఆ బరువంతా బోర్డు మీద ఊగుతుంది. ఈ ఒక్క విషయంలో లిక్విడ్ కూలర్ నయం.

అయినా నీ మనసు లిక్విడ్ మీదే ఉంటే నేను అడ్డు చెప్పను, నీ డబ్బు, నీ కష్టం. 240 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్నది కాకుండా 360ది కొను. రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగాన బిగించు. గాలి బుడగలు పైకి చేరతాయి కాబట్టి పంపు ఎన్నడూ అన్నిటికంటే ఎత్తున ఉండకూడదు. రేడియేటర్ రేకులు మరీ దగ్గరగా ఉంటాయి కనుక దుమ్మూ నూగూ త్వరగా చిక్కుకుంటాయి. నెలకొకసారి క్యాబినెట్ దుమ్ము జల్లెడలు దులుపు, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో. ఎండాకాలం ఇంటి కూలర్‌ను క్యాబినెట్‌కు ఎదురుగా మాత్రం పెట్టవద్దు. ఆ తేమకు దుమ్ము బురదై రేకులకు అతుక్కుంటుంది.

మరొక సంగతి కూలర్ ధర కంటే ముఖ్యమైనది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కలిసి రెండరింగ్‌లో అర కిలోవాట్ దాకా తీసుకుంటే, అదంతా నీ గదిలోనే వేడిగా మిగులుతుంది. మే నెలలో తలుపులు మూసుకొని హీటర్ పెట్టుకున్నట్లే. నువ్వు ఆ గదిలోనే పడుకుంటావని మీ అమ్మ చెప్పింది. ముందు కిటికీ పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు, దాని డబ్బు నేను ఇస్తాను, కాదనవద్దు. రాత్రి రెండర్ పెట్టిన రోజున నువ్వు కింద అమ్మ దగ్గర పడుకో. ఫైళ్ళ నకలును ప్రతి రాత్రి వేరే డిస్క్‌లోకి తీసుకో, ఇది నేను కోపంగానే చెబుతున్నాను అనుకో.

కూలర్ ఏదో తేల్చుకొని నాకు చెప్పు. బిగించే రోజున ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్టూ పొడవాటి స్క్రూడ్రైవరూ తీసుకొని నేను వస్తాను, బిగించడం మాత్రం నువ్వే చేయాలి, నేను పక్కన కూర్చుంటాను. తర్వాత మే రెండో వారంలో మళ్ళీ వస్తాను. మధ్యాహ్నం రెండు గంటలకు గదిలో థర్మామీటరు వేలాడదీసి, గంటసేపు పూర్తి భారం మీద నడిపి, నీ పట్టికలో లేని గడిని మనిద్దరం నింపుదాం. అంతవరకు వోల్టేజీని ముట్టుకోవద్దు బిడ్డా. పైలం.

మీ మామయ్య